మనసుకు తుఫాను పట్టినప్పుడు

బైపోలార్ వ్యాధి వచ్చిన ఇంట్లో కుటుంబం చేయవలసినవి



ఈ వారం పాఠాన్ని నా తప్పుతోనే మొదలుపెడతాను.

చాలా ఏళ్ళ క్రితం, మరో విచారణలో సేవ చేస్తున్న రోజుల్లో, ఒక యువకుడు రోజూ తెల్లవారకముందే వచ్చి గుడి మెట్ల మీద కూర్చునేవాడు. తలుపు తీయగానే లోపలికి వచ్చి గంటల తరబడి మోకాళ్ళ మీద ఉండేవాడు. జపమాల బిగ్గరగా, గబగబా చెప్పేవాడు. రాత్రిళ్ళు తోటి యువకులను పోగుచేసి పాటలు పాడించేవాడు. "నాకు నిద్ర అక్కరలేదు ఫాదర్‌గారూ, ప్రభువే నాకు బలమిస్తున్నాడు" అనేవాడు. నాకు ఎంతో సంతోషం కలిగింది. ఆదివారం ప్రసంగంలో అతణ్ణి ఆదర్శంగా కూడా చూపించాను. ఒకరోజు గుడి మరమ్మతులకని పెద్ద మొత్తం తెచ్చి నా చేతిలో పెడితే, దీవించి తీసుకున్నాను.

మూడోనాటి రాత్రి అతని తల్లి వచ్చి నా తలుపు తట్టింది. ఆ డబ్బు ఇంటి పాడిగేదెలను అమ్మిన డబ్బు. అతను పది రోజులుగా కన్ను మూయలేదు. అడ్డుపడిన తండ్రిని తోసివేశాడు. "మావాడికి దైవభక్తి ఎక్కువైందని ఊరంతా మెచ్చుకుంటున్నారు ఫాదర్‌గారూ. వాడు నా కొడుకులా లేడు. మీరొక్కరైనా నా మాట నమ్మండి" అని ఆ తల్లి ఏడ్చింది.

డబ్బు తిరిగి ఇచ్చేశాను. కాని చికిత్స లేకుండా గడిచిపోయిన ఆ పది రోజులను తిరిగి ఇవ్వలేకపోయాను. చదువులేని ఆ తల్లికి కనిపించిన జబ్బు, మేజర్ సెమినరీలో తత్వశాస్త్రం చదివిన నాకు భక్తిగా కనిపించింది. ఆనాటి నుంచి ఈ వ్యాధి గురించి వైద్యులను అడిగి, రోగుల ఇళ్ళలో కూర్చుని, తెలుసుకున్నదే ఈ పాఠం.

ఇది ఏ వ్యాధి?

బైపోలార్ అంటే రెండు కొసలు గలది అని అర్థం. పూర్వం దీనినే మానిక్ డిప్రెషన్ అనేవారు. ఒక కొస ఉద్రేకం. దానిని వైద్యులు మేనియా అంటారు. రెండో కొస కుంగుబాటు, అంటే డిప్రెషన్. ఈ రెండింటి మధ్య చాలామంది మామూలుగానే ఉంటారు. పొలం చేసుకుంటారు, బడిలో పాఠాలు చెబుతారు, పిల్లలను పెంచుకుంటారు.

పొద్దున కోపం, సాయంత్రం నవ్వు ఈ వ్యాధి కాదు. ఉద్రేక దశ సాధారణంగా వారం రోజులు, అంతకు మించి సాగుతుంది. మనిషి రెండు మూడు గంటలే పడుకుని కూడా అలసట లేదంటాడు. మాట మీద మాట తోసుకువస్తుంది. తాను గొప్పవాడినని, దేవుడు తనకు ప్రత్యేకమైన పని అప్పగించాడని నమ్ముతాడు. డబ్బు నీళ్ళలా ఖర్చు చేస్తాడు. అడ్డం చెబితే మండిపడతాడు. కుంగుబాటు దశ రెండు వారాలు మొదలుకొని నెలల పాటు ఉండవచ్చు. అన్నం రుచించదు, స్నానం కూడా కొండంత పని అవుతుంది, తాను ఎవరికీ పనికిరాని వాడినన్న భావం పట్టుకుంటుంది.

2015-16లో బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ పన్నెండు రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, పెద్దవారిలో వెయ్యిమందికి సుమారు ఐదుగురు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధికి లోనవుతున్నారు. ఆ లెక్కన ఒక మోస్తరు విచారణలో ఇలాంటి కుటుంబాలు నాలుగైదైనా ఉంటాయి. అదే సర్వేలో, ఈ రోగుల్లో పదిమందికి ఏడుగురు చికిత్సకు దూరంగా ఉన్నారని తేలింది.

మన పల్లెల్లో దీనికి గాలి సోకిందని, చేతబడి అని, పెంపకం లోపమని పేర్లు పెడతాం. పుట్టుగుడ్డివానిని చూసి శిష్యులు క్రీస్తును ఏమడిగారో గుర్తు తెచ్చుకోండి. పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని అడిగారు. ఎవరిదీ కాదని ప్రభువు తేల్చి చెప్పారు. ఇక్కడా అంతే. ఇది మెదడు పనితీరుకు సంబంధించిన వ్యాధి. వంశంలో ఉంటే వచ్చే అవకాశం కొంత ఎక్కువ. అయినా తల్లికో తండ్రికో ఉన్నంతమాత్రాన పిల్లల్లో ఎక్కువమందికి రాదు. నిద్ర చెడడం, ఆప్తుల మరణం, కాన్పు, మద్యం, గంజాయి వంటివి ఒక దశను రేపగలవు.

మాట్లాడేది మనిషా, వ్యాధా?

ఉద్రేకంలో ఉన్నవాడు భార్యను అనుమానిస్తాడు. తల్లిని అనరాని మాటలంటాడు. ఆ మాటలే ఇంటివారిని ఎక్కువ గాయపరుస్తాయి. "తాగి ఉన్నప్పుడే నిజం బయటపడుతుందంటారు, ఇదీ అంతే కదా ఫాదర్‌గారూ?" అని ఒక సోదరి నన్ను అడిగింది. కాదమ్మా అన్నాను.

పునీత తోమా అక్వీనాసుగారు ఒక తేడా చూపించారు. మనిషిలో జరిగే పని వేరు, మనిషి తెలిసి, ఎంచుకుని చేసే పని వేరు. జ్వరంలో పలవరింత మొదటి రకం. నీతి లెక్కలోకి వచ్చేది రెండో రకమే. పాపానికి పూర్తి తెలివి, పూర్తి సమ్మతి ఉండాలని మనం సత్యోపదేశంలో నేర్చుకున్నాం. మేనియా ఆ తెలివినీ, ఆ సమ్మతినీ రెండింటినీ దెబ్బతీస్తుంది.

కాబట్టి ఆ మాటలను మనసులో రాసిపెట్టుకోవద్దు. కోలుకున్న తర్వాత "నువ్వు ఆ రోజు నన్ను ఇంత మాట అన్నావు" అని వరుసగా అప్పజెప్పవద్దు. వారికి చాలావరకు గుర్తుంటుంది. ఆ సిగ్గుతోనే ఎందరో కుంగిపోతారు. అయితే వ్యాధి అని దెబ్బలు సహించాలని దీని అర్థం కాదు. భార్యాపిల్లలకు ప్రమాదం ఉంటే ఆ పూటకు వేరే ఇంట తలదాచుకోవడం ద్రోహం కాదు. రోగి చేతిని ఒక పెద్ద తప్పు నుంచి కాపాడడం కూడా అతనికి చేసిన మేలే.

ఉద్రేక దశలో

మొదటిది, వాదించవద్దు. తాను రక్షకుడినని నమ్మేవాడిని తర్కంతో గెలవలేం. "అవును" అని అబద్ధం చెప్పవద్దు, "నీకు పిచ్చి" అని వెక్కిరించనూ వద్దు. "నీకలా అనిపిస్తోంది. నాకు మాత్రం నువ్వు నాలుగు రోజులుగా నిద్రపోలేదని భయంగా ఉంది" అనండి. చిన్న మాటలు, మెల్లని గొంతు. పదిమంది చుట్టూ మూగి పది సలహాలు ఇవ్వకుండా, అతను ఎవరి మాట వింటాడో ఆ ఒక్కరే మాట్లాడాలి. అది అన్న కావచ్చు, మేనమామ కావచ్చు, చిన్ననాటి స్నేహితుడు కావచ్చు.

రెండోది, నిద్రను కాపాడండి. టీ, కాఫీ తగ్గించి, టీవీ కట్టేసి, చుట్టాలను వెనక్కి పంపి, గది చీకటి చేయండి. మన ప్రాంతంలో రొయ్యల చెరువుల కాపలాకు, కోతల కాలంలో కళ్ళాల దగ్గరకు రాత్రంతా పోయేవారున్నారు. ఈ వ్యాధి ఉన్నవారిని రాత్రి కాపలాకు పెట్టవద్దు.

మూడోది, డబ్బు. బండి తాళాలు, పొలం పాస్‌బుక్కు, బంగారం, బ్యాంకు కార్డు, ఫోనులో డబ్బు పంపే ఏర్పాటు, వీటిని నమ్మకస్తుల చేతిలో ఉంచండి. బాగున్న రోజుల్లోనే అతనితో చెప్పి, ఒప్పించి ఈ ఏర్పాటు చేసుకుంటే అవమానంగా తోచదు.

నాలుగోది, వైద్యం. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే 14416 నంబరుకు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ సేవ ఇది. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం ఉంటే 108కి గాని, 112కి గాని చేయండి. ఇది గొడవ కాదు, జబ్బు అని మొదటి మాటగానే చెప్పండి.

"రాను" అంటే ఏం చేయాలి? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. రోగికిగాని, ఇతరులకుగాని ప్రమాదం ఉన్నప్పుడు, లేదా తనను తాను చూసుకోలేని స్థితి వచ్చినప్పుడు, రోగి తరఫు ప్రతినిధి దరఖాస్తు చేస్తే, నిపుణులిద్దరు విడివిడిగా పరీక్షించి, అతను ఒప్పుకోకపోయినా మొదట ముప్పై రోజుల వరకు ఆసుపత్రిలో చేర్చుకోవచ్చు. గొలుసులతో కట్టివేయడాన్ని అదే చట్టం నిషేధించింది. ఇంట్లో మంచానికి కట్టి ఉంచే వారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి.

కుంగుబాటు దశలో

రాజుల మొదటి గ్రంథం పంతొమ్మిదో అధ్యాయం తెరవండి. కార్మెల్ కొండపై అంత ఘనకార్యం చేసిన ఏలీయా ప్రవక్త, ఎడారిలో ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నన్ను తీసుకుపో అని దేవుణ్ణి వేడుకుంటాడు. ఏలీయాకు ఈ వ్యాధి ఉందని నేను అనడం లేదు. దేవుడు ఏం చేశాడో చూడమంటున్నాను. ప్రసంగం చేయలేదు. విశ్వాసం తక్కువైందని మందలించలేదు. నిద్రపోనిచ్చాడు. దేవదూత తట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చింది. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ పడుకోనిచ్చింది. రెండోసారి లేపినప్పుడు, ప్రయాణం నీ శక్తికి మించినదని ఒప్పుకుంది. మాటలు ఆ తర్వాత, కొండ దగ్గర.

మన ఇళ్ళలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. "లే, పనిచేస్తే అదే పోతుంది", "నీకేం తక్కువ?", "ప్రార్థన చెయ్" అంటాం. కాలు విరిగినవాడిని పరుగెత్తమన్నట్టు ఉంటుంది. గంజి కాచి ఇవ్వండి. వేళకు మాత్ర ఇవ్వండి. సాయంత్రం కాలువగట్టు మీద పది నిమిషాలు వెంట నడవండి. మాట్లాడకపోయినా పక్కన కూర్చోండి.

చావు గురించిన ఆలోచన వస్తోందా అని సూటిగా, ప్రేమగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందని భయపడవద్దు. అడిగినవారికి మనసు విప్పి చెప్పి బతికినవారు ఎందరో. పొలం మందులు ఇంట్లో ఉంచవద్దు. వేరేచోట తాళం వేసి, తాళంచెవి మరొకరి దగ్గర పెట్టండి. మందుబిళ్ళలు కూడా ఇంటివారే దాచి రోజుకు రోజు ఇవ్వాలి. వస్తోందని చెబితే ఒంటరిగా వదలకుండా ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి.

అటువంటి దుఃఖం ఇప్పటికే అనుభవించిన కుటుంబాలు మన విచారణల్లో ఉన్నాయి. వారికి ఒక మాట. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2282, 2283 సంఖ్యలలో, తీవ్రమైన మానసిక వ్యాధి మనిషి బాధ్యతను తగ్గిస్తుందని, అలా మరణించిన వారి రక్షణ విషయంలో మనం నిరాశ చెందరాదని బోధించింది. శ్రీసభ వారి కోసం ప్రార్థిస్తుంది. మీరూ తల ఎత్తుకుని ప్రార్థించండి.

మందు, మన మండుటెండ

ఈ వ్యాధికి వాడే మందుల్లో పేరుపొందినది లిథియం. అది భూమిలో దొరికే ఒక మూలకం, ఉప్పుకు దగ్గరి చుట్టం. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే వైద్యుడు ఉద్రేకంలో ఉన్న రోగులకు అది పనిచేస్తుందని ప్రకటించారు. డెన్మార్కులో మోగెన్స్ షౌ అనే వైద్యుడు 1954లో పద్ధతి ప్రకారం పరీక్షించి బలపరిచారు. షౌగారి సోదరుడే ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వచ్చే కుంగుబాటుతో బాధపడి, ఆ మందుతో కోలుకున్నాడు. అంత పెద్ద వైద్యుడి ఇంట్లోనూ ఇదే కష్టం ఉందని గుర్తుంచుకోండి.

లిథియం వాడేవారి ఇంట్లో కొన్ని సంగతులు తప్పక తెలియాలి. రక్తంలో అది తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే విషం. అందుకే డాక్టరుగారు చెప్పిన గడువుకు రక్తపరీక్ష చేయించాలి. మూత్రపిండాలు, థైరాయిడ్ కూడా చూపించుకోవాలి. రోహిణీకార్తె ఎండల్లో చెమట పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు అయినా అంతే. నీళ్ళు బాగా తాగించండి. ఉప్పు ఒక్కసారిగా మానిపించవద్దు, ఒక్కసారిగా పెంచవద్దు. ఒళ్ళునొప్పులకని మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి బిళ్ళలు కూడా లిథియాన్ని పెంచుతాయి. ఏ కొత్త మందుకైనా ముందు "లిథియం వాడుతున్నాం" అని చెప్పండి. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు కనిపిస్తే మరుసటి మోతాదు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

కుంగుబాటుకు వాడే కొన్ని మందులు ఈ రోగుల్లో ఉద్రేకాన్ని రేపగలవు. కాబట్టి ఊళ్ళో ఎవరో ఇచ్చిన మాత్రలు కాక, పాత ఉద్రేకం సంగతి కూడా తెలిసిన మానసిక వైద్యుడు రాసినవే వాడాలి. వాల్‌ప్రోయేట్ అనే మరో మందు గర్భంలోని శిశువుకు హాని చేస్తుంది. పెళ్ళీడు అమ్మాయిలు, కొత్త కోడళ్ళ విషయంలో ముందే డాక్టరుగారితో మాట్లాడండి. ఈ వ్యాధి ఉన్న స్త్రీకి కాన్పు తర్వాతి మొదటి వారాలు చాలా ప్రమాదకరమైనవి. బాలింతను రాత్రి నిద్రపోనిచ్చి, బిడ్డను అమ్మమ్మో నాయనమ్మో చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం, బాగైంది కదా అని మందు మానడం. చాలామందికి వ్యాధి తిరగబెట్టేది అక్కడే.

ప్రార్థన ఎక్కడ, వైద్యం ఎక్కడ?

"గుణదల మాత దగ్గర మొక్కుకున్నాం ఫాదర్‌గారూ, మందు ఇంకా వేసుకుంటే విశ్వాసం లేనట్టు కాదా?" అని అడిగినవారున్నారు. ప్రతి ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మనం గుణదలకు వెళ్తాం. ఆ 11వ తేదీనే రెండవ జాన్ పాల్ జగద్గురువులు ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా నిర్ణయించారు. మొదటిసారి 1993లో జరిగింది. 2006లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగిన ఆ దినాన్ని శ్రీసభ ప్రత్యేకంగా మానసిక వ్యాధిగ్రస్తులకు అంకితం చేసింది. మాత పాదాల దగ్గర మొక్కుకోండి. మాత్ర వేసుకుని మొక్కుకోండి. ఆ మాత్రను కనిపెట్టిన బుద్ధిని ఇచ్చినది ఎవరు?

వ్యాధిగ్రస్తుల అభ్యంగనం మానసిక రోగులకు కూడా ఉంది. అడగడానికి సిగ్గుపడకండి. అయితే రాత్రంతా జాగరణలు, రోజుల తరబడి ఉపవాసాలు వారికి పెట్టవద్దు. నిద్ర చెడితే ఉద్రేకం, నీరు తగ్గితే లిథియం విషం. తపస్సు కాలంలో కూడా రోగులకు ఉపవాస నియమం లేదు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, మానసిక రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉండడంవల్ల పారిపోలేక 28 మంది కాలిపోయారు. స్వస్థత దొరుకుతుందని వారిని అక్కడికి తెచ్చినది కన్నవారే, తోబుట్టువులే. ఇది వేరే మతంవారి సంగతి అని పక్కన పెట్టవద్దు. స్వస్థత పేరుతో రోగులను కొట్టే చోట్లు, మందు మాన్పించే చోట్లు ఏ మతం పేరుతో ఉన్నా మనవారు పోకూడదు. పదహారో శతాబ్దంలో గ్రనడా నగరంలో పునీత దేవుని యోహానుగారిని పిచ్చివాడని బంధించి కొరడాలతో కొట్టారు. బయటికి వచ్చిన తర్వాత ఆయన రోగులను ఆదరించే ఆసుపత్రి పెట్టారు. ఆయన పండుగ మార్చి 8. ఆ రోజు మన ఇళ్ళలోని ఈ రోగులను తలచుకుందాం.

తుఫాను రాకముందే

దివిసీమవారికి నేను వేరే ఉపమానం చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలమందిని తీసుకుపోయింది. హెచ్చరిక అందనివారు కొందరు, అందినా నమ్మనివారు కొందరు. ఆ తర్వాత తీరం వెంబడి తుఫాను షెల్టర్లు కట్టుకున్నాం. బందరు ఓడరేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో ఇప్పుడు చిన్నపిల్లలు కూడా అడుగుతారు. తుఫానును ఆపలేకపోయాం, ప్రాణనష్టాన్ని మాత్రం ఎంతో తగ్గించుకున్నాం.

ఈ వ్యాధికీ ప్రమాద సూచికలుంటాయి. ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉంటాయి. ఒకరు తెల్లవారుజామున మూడింటికే లేచి ఇల్లు సర్దడం మొదలుపెడతారు. ఒకరు పాత స్నేహితులందరికీ ఫోన్లు చేస్తారు. ఒకరు రంగురంగుల బట్టలు కొంటారు. కుంగుబాటుకు ముందు ఒకరు గడ్డం గీసుకోవడం మానేస్తారు. బాగున్న రోజుల్లో రోగితో కలిసి కూర్చుని ఆ సూచికలను ఒక కాగితం మీద రాయండి. దాని కింద డాక్టరుగారి ఫోన్ నంబరు, వాడుతున్న మందుల పేర్లు, ఆసుపత్రికి ఎవరు వెంట వెళ్ళాలి, పిల్లలను ఎవరింట ఉంచాలి, డబ్బు ఎవరి దగ్గర ఉండాలి అన్నవి రాయండి. రెండు రాత్రులు వరుసగా నిద్ర లేకపోతే మూడో రోజు డాక్టరుకు ఫోన్ అని పెట్టుకోండి.

చట్టం కూడా ఇందుకు తోడుంది. తనకు వ్యాధి ముదిరినప్పుడు ఎటువంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కును, తన తరఫున నిర్ణయించే ప్రతినిధిని ఎన్నుకునే హక్కును 2017 చట్టం ఇచ్చింది. ఎలా రాయాలో డాక్టరుగారిని అడగండి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మన పద్ధతి కాకూడదు.

పెళ్ళి సంగతి

పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు అని సామెత. పెళ్ళి మందు కాదు. మందులు వాడుతూ నిలకడగా ఉన్నవారు పెళ్ళి చేసుకుని చక్కగా కాపురం చేయవచ్చు. కాని దాచిపెట్టి చేయడం ఎదుటి కుటుంబానికి అన్యాయం. దాచిన ఇంట్లో మాత్ర కూడా దాచుకుని వేసుకోవాలి, చివరికి మానేయాలి. శ్రీసభ చట్టం 1098వ అధికరణం ప్రకారం, కాపురాన్ని తీవ్రంగా దెబ్బతీయగల గుణం విషయంలో మోసం చేసి సంపాదించిన సమ్మతి చెల్లదు. పెళ్ళి మాటలప్పుడే నిజం చెప్పండి. మీకు కష్టమైతే మీ విచారణ గురువును పిలవండి, పక్కన కూర్చుంటారు.

చూసుకునేవారి సంగతి

చూసుకునే ఇల్లాలు కూడా మనిషే. ఆమెకు వారంలో ఒక పూట సెలవు కావాలి. తోడికోడలో, ఆడపడుచో వచ్చి కూర్చోవాలి. విచారణ పెద్దలకు ఒక మనవి. కాలు విరిగిన ఇంటికి పండ్లు పట్టుకెళ్ళినట్టే ఈ ఇంటికీ వెళ్ళండి. ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగవద్దు. ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చినవాడికి పాటల బృందంలో అతని చోటు అలాగే ఉంచండి. క్రీస్తునాథుణ్ణి కూడా సొంతవారే మతి తప్పిందని పట్టుకోబోయారని మార్కు సువిశేషం మూడో అధ్యాయం చెబుతుంది. గెరాసేనుల దేశంలో బాగైన మనిషి వెంట వస్తానంటే, ప్రభువు అతణ్ణి ఇంటికి, తనవారి దగ్గరకే పంపారు. అతను తిరిగి రావడానికి ఒక ఇల్లు ఉండాలి కదా. వ్యాధి తగ్గేవరకు ఆ మనిషి చోటును పదిలంగా కాపాడడమే కుటుంబం పని.

మొదట చెప్పిన యువకుడు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. ఆ తర్వాత కూడా వ్యాధి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ తల్లి, భార్య మూడో రోజుకే గుర్తుపట్టారు. క్రిస్మస్ అర్ధరాత్రి పూజకు అతను రాడు. వేళకు మాత్ర వేసుకుని పడుకుని, మర్నాడు ఉదయం పూజకు వస్తాడు. ఒకప్పుడు అతని జాగరణను మెచ్చుకున్న నేను ఇప్పుడు అతని నిద్రకు దేవునికి కృతజ్ఞతలు చెబుతున్నాను.

కుటుంబంలో కలిసి మాట్లాడుకోవడానికి

1. మన బంధువుల్లో ఇటువంటి వ్యాధి ఉన్నవారిని ఏ పేరుతో పిలుస్తున్నాం? ఆ పేరు వారికి వినిపిస్తే ఎలా ఉంటుంది?
2. కోలుకున్న తర్వాత కూడా మనం గుర్తుచేస్తున్న పాత మాటలేమైనా ఉన్నాయా?
3. మన ఇంట్లో పొలం మందులు ఎక్కడ ఉన్నాయి?
4. ఈ వారం మనం వెళ్ళి కాసేపు కూర్చోగల ఇల్లు ఏది?

ప్రార్థన

ఏలీయాను నిద్రపోనిచ్చి రొట్టె పెట్టిన ప్రభువా, మనసు నలిగిన మా వారిని నీ చేతికి అప్పగిస్తున్నాం. వైద్యులకు వివేకాన్ని, రోగులకు నిద్రను, చూసుకునేవారికి ఓర్పును దయచేయండి. వారు కోలుకుని వచ్చేసరికి మా ఇంటి తలుపులు, మా గుడి తలుపులు తెరిచి ఉండేలా మమ్మల్ని దీవించండి. ఆమెన్.